నేలపాలవుతున్న పాత ఆయిల్

మన ఊళ్లలో టూవీలర్ మెకానిక్ షెడ్డును దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. బోర్డు చదవక్కర్లేదు, ముందున్న నేల రంగు చాలు. ఏళ్ల తరబడి కారిన ఇంజన్ ఆయిల్ మట్టిలో ఇంకి, దానిమీద దుమ్ము పేరుకుని, ఆ దుమ్ముమీద మళ్లీ ఆయిల్ పడి నేల నల్లగా గట్టిపడి ఉంటుంది. ఆ వృత్తికి అది మామూలే అనుకోవడం మనకు అలవాటైపోయింది. అలా అనుకోవడం తప్పని నా వాదన. కొత్త ఆయిల్ పోసి మూత బిగించగానే పని అయిపోయిందని లెక్కేస్తున్నంత కాలం ఆ మరక పెరుగుతూనే ఉంటుంది. పాత ఆయిలూ పాత ఫిల్టరూ నేల తాకకుండా డబ్బాలో పడి, ఆ డబ్బా శుద్ధి కర్మాగారానికి చేరితేనే సర్వీసింగ్ పూర్తయినట్టు. ఇందులో మొదటి సగం మెకానిక్ చేతిలో ఉంది, దానికి ఖర్చు దాదాపు లేదు. రెండో సగం ఆయిల్ తయారుచేసి అమ్మే కంపెనీలదీ స్థానిక సంస్థలదీ. వాళ్లు దాన్ని షెడ్డు గుమ్మం దాకా ఇంకా తీసుకురాలేదు.

ముందు ఆయిల్ ఎక్కడ ఒలుకుతుందో చూడాలి. ఇంజన్ అడుగున ఉండే డ్రెయిన్ బోల్ట్ దగ్గర పెద్దగా ఒలకదు. ధార సూటిగా కిందికి దిగుతుంది, తట్ట పెడితే అందులోనే పడుతుంది. ఇబ్బందంతా ఫిల్టర్ దగ్గరే. హీరో స్ప్లెండర్ వంటి 100 సీసీ బండ్లలో మార్చే కాగితపు ఫిల్టర్ ఉండదు. ఒక జాలీ, గిర్రున తిరుగుతూ మడ్డిని అంచుకు నెట్టే రోటర్ ఆ పని చేస్తాయి. బజాజ్ పల్సర్ 150, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 వంటి వాటిలో ఇంజన్‌కు కుడివైపు, మూడు బోల్టులతో బిగించిన చిన్న మూత వెనక, మడతల కాగితంతో చేసిన ఫిల్టర్ కూర్చుని ఉంటుంది. అడుగునుంచి ఆయిలంతా దించేసినా ఆ ఫిల్టర్ గదిలో కొంత నిలిచే ఉంటుంది. మూత పక్కకు తిరిగి ఉంటుంది కాబట్టి బోల్టులు వదులు కాగానే ఆ మిగిలిన ఆయిల్ మూత అంచు వెంట జారి ఇంజన్ కేసు మీదికి, అక్కణ్నుంచి సైలెన్సర్ బెండు పైపు మీదికి, ఫుట్‌రెస్ట్ మీదికి పాకి, తట్టకు అందని చోట నేలకు దిగుతుంది. అందుకే తట్ట ఎంత వెడల్పుదైనా సరిపోవడం లేదు. ఆయిల్ ఏ దారిన పోవాలో ముందు మనిషి నిర్ణయించకపోతే ఇంజన్ వంపులే నిర్ణయిస్తాయి.

ఆ దారి వేయడమే ఇందులోని కిటుకు. ఇంజన్‌ను రెండు మూడు నిమిషాలు నడిపితే ఆయిల్ పలచబడి మడ్డిని కలుపుకుని దిగుతుంది. అంతకుమించి కాగితే చెయ్యి కాలుతుంది, బెండు పైపు మీద పడ్డ ఆయిల్ పొగలు కక్కుతుంది. బండిని సెంటర్ స్టాండ్ మీద నిటారుగా నిలపాలి, సైడ్ స్టాండ్ మీద వాలితే ఒక మూలన ఆయిల్ మిగిలిపోతుంది. పైన ఆయిల్ పోసే మూత తీసి ఉంచితే గాలి ఆడి ధార వేగంగా దిగుతుంది. ఆ తర్వాత ఆగడం ముఖ్యం. చుక్కలు ఆగేదాకా పది పదిహేను నిమిషాలు వదిలేసి, కొత్త వాషర్ వేసి డ్రెయిన్ బోల్ట్ బిగించాక గానీ ఫిల్టర్ జోలికి పోకూడదు. ఖాళీ ఆయిల్ డబ్బాను నిలువుగా కోస్తే వచ్చే ప్లాస్టిక్ ముక్క గానీ, పాలకవరు చుట్టిన దళసరి అట్ట గానీ తీసుకుని, దోనెలా వంచి, పై అంచును ఫిల్టర్ మూత కిందికి దూర్చి, కింది కొసను తట్టలోకి వాల్చాలి. బెండు పైపు మీద పాత గుడ్డ కప్పాలి. అప్పుడు మూడు బోల్టులనూ ఒక్కసారే ఊడదీయకుండా తలా రెండు మూడు చుట్లు వదులు చేసి, మూతను కొద్దిగా కదిలించి ఆగాలి. లోపలి ఆయిల్ సన్నని తీగలా దోనెలోకి జారి తట్టలో చేరుతుంది. అది ఆగాక మూత తీసి, చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని ఫిల్టర్‌ను పట్టి లాగి, కవరును తిరగేస్తే ఫిల్టర్ అందులోనే ఉండిపోతుంది. డబ్బా ఆకారంలో ఉండి చేత్తో తిప్పి ఊడదీసే ఫిల్టర్లున్న పెద్ద బండ్లకు కూడా ఈ కవరు పద్ధతే పనికొస్తుంది. ఊడదీయకముందే కవరు తొడగాలి, అంతే తేడా.

మిగిలిన పని త్వరగానే అవుతుంది. ఫిల్టర్ గదిని శుభ్రమైన గుడ్డతో తుడిచి, పాత ఓ-రింగ్ తీసేసి, కొత్తదానికి వేలితో కాస్త కొత్త ఆయిల్ రాసి కూర్చోబెట్టాలి. కొత్త ఫిల్టర్‌ను ఏ ముఖం లోపలికి ఉండాలో చూసి పెట్టాలి. ఇది తిరగబడితే ఆయిల్ వడకట్టుకోకుండానే తిరుగుతుంది, కొన్ని ఇంజన్లలో అసలు సరఫరాయే దెబ్బతింటుంది. బోల్టులను ఒక్కొక్కటి కొంచెం కొంచెంగా సమానంగా బిగించాలి. ఇంజన్ కేసు అల్యూమినియంది, బలంకొద్దీ పానా లాగితే మరలు పోతాయి, ఆ తర్వాత ఆ మూత జీవితాంతం కారుతూనే ఉంటుంది. కంపెనీ చెప్పిన కొలత ప్రకారం ఆయిల్ పోసి, ఒక నిమిషం నడిపి, ఆపి, కాసేపాగి మట్టం చూసుకోవాలి. తట్టలోని పాత ఆయిల్‌ను గరాటుతో, ఇప్పుడే ఖాళీ అయిన కొత్త ఆయిల్ డబ్బాలోకే వంచాలి. పెట్రోలు, కిరోసిన్, బ్రేక్ ఆయిల్ వంటివేవీ అందులో కలపకూడదు. అవి కలిస్తే దాన్ని శుద్ధి చేయడం కష్టమవుతుంది. ఫిల్టర్‌ను ఓ రాత్రంతా తలకిందులుగా అదే తట్టలో పెడితే మడతల్లో మిగిలినది కూడా దిగుతుంది. ఇంత జాగ్రత్త పడ్డా నేల మీద నాలుగు చుక్కలు పడితే నీళ్లు కొట్టి కడగకూడదు, రంపపు పొట్టు గానీ పొడి ఇసుక గానీ చల్లి పీల్చుకున్నాక ఎత్తేయాలి. నీళ్లతో కడిగితే షెడ్డు ముందు శుభ్రపడుతుంది గానీ ఆయిల్ కాలువలోకి చేరుతుంది.

ఈ శుభ్రత కంటికి ఇంపు కోసమని ఎవరైనా అనుకుంటే వాళ్లు ఇంజన్‌ను మరచిపోయినట్టే. కారులో గేర్‌బాక్సుకు వేరే ఆయిల్ ఉంటుంది. మన మోటారుసైకిళ్లలో చాలావాటికి ఇంజన్, గేర్లు, క్లచ్ ప్లేట్లు అన్నిటికీ ఒకే ఆయిల్. క్లచ్ ప్లేట్ల అరుగుదల, గేర్ల నుంచి రాలే లోహపు పొడి, మసి అంతా ఆ లీటరు, లీటరున్నర ఆయిల్‌లోనే తేలుతుంటుంది. వాటిని ఆపే ఫిల్టర్ బొటనవేలికన్నా కాస్త పెద్దది. మూత చుట్టూ పాత మడ్డి, దుమ్ము ఉండగానే దాన్ని తెరిస్తే ఆ ఇసుక రేణువులు నేరుగా కొత్త ఫిల్టర్ గదిలోకి పోతాయి. ఇంకొకటి, మూత చుట్టూ పొడిగా ఉంటేనే కొత్త ఓ-రింగ్ సరిగా కూర్చుందో లేదో ఒక నిమిషం ఇంజన్ నడిపి తెలుసుకోగలం. అంతా ఆయిల్ పులిమి ఉన్నచోట కొత్త లీకేజీని ఏ కన్నూ పట్టలేదు. అది రోడ్డు మీద బయటపడుతుంది, ఆ కారిన ఆయిల్ వెనక టైరు మీదికి చేరితే మలుపులో బండి జారుతుంది. కాబట్టి నేల మీద చుక్క పడకుండా చేసిన పని దాదాపు ఎప్పుడూ సరిగా చేసిన పనే అవుతుంది, రెండిటికీ కావలసిన ఓపిక ఒకటే గనక.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. నాలుగు చెంచాల ఆయిల్‌కు ఇంత రాద్ధాంతమా అని. ఒక్క బండి వరకే చూస్తే ఆ మాటలో నిజముంది, కానీ మనది ఒక్క బండి కాదు. దేశంలో 2024-25 ఒక్క ఏడాదిలో అమ్ముడుపోయిన టూవీలర్లే సుమారు 1.96 కోట్లు, అందులో అత్యధికం పెట్రోలు బండ్లు. లెక్క సులువుగా ఉండటానికి లక్ష బండ్లున్న ఒక పట్టణాన్ని ఊహించుకుందాం. బండికి ఏడాదికి మూడుసార్లు ఆయిల్ మారిస్తే, మార్చినప్పుడల్లా 20 మిల్లీలీటర్లు మాత్రమే నేలపాలైతే, ఏడాదికి 6,000 లీటర్లు. అది ఊరంతటా పలచగా పడేది కూడా కాదు, కొన్ని వీధుల్లో, కొన్ని షెడ్ల ముందు, ఏటా అదే చోట పడుతుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చాలాకాలంగా చెబుతున్న లెక్క ప్రకారం ఒక్కసారి ఆయిల్ మార్చినప్పుడు వచ్చే పాత ఆయిల్ 10 లక్షల గ్యాలన్ల మంచినీటిని, అంటే సుమారు 38 లక్షల లీటర్లను, పాడుచేయగలదు. అది కారు కొలతను దృష్టిలో పెట్టుకుని చెప్పిన గరిష్ఠ అంచనా. పడిన ప్రతి చుక్కా అంత నీటినీ పాడుచేసి తీరుతుందని దాని అర్థం కాదు. అయినా దాన్ని పదో వంతుకు, నూరో వంతుకు తగ్గించి చూసినా 6,000 లీటర్లు చిన్న మాట కాదు. హైదరాబాద్‌లో వాననీరు నాలాల మీదుగా చెరువుల్లోకీ మూసీలోకీ పోతుంది. విజయవాడ మధ్యనుంచి సాగే బందరు, ఏలూరు, రైవస్ కాలువలు డెల్టా పొలాలకు నీళ్లు మోస్తాయి. తొలకరి జల్లుకు షెడ్డు ముందు నేలమీద తేలే ఇంద్రధనుస్సు రంగుల పొర ఎక్కడికి పోతుందో మన నీటి దారులు తెలిసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

నీటికంటే ముందు ఈ ఆయిల్ తాకేది మెకానిక్ చేతులను. కొత్త ఆయిల్‌కూ పాత ఆయిల్‌కూ ఉన్న తేడా రంగొక్కటే కాదు. ఇంజన్‌లో పెట్రోలు పూర్తిగా కాలనప్పుడు పుట్టే పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు ఆయిల్‌లో కలిసి, నడిచిన ప్రతి కిలోమీటరుకూ పెరుగుతాయి. వీటిలో కొన్ని క్యాన్సర్ కారకాలని తేలింది. వాడిన ఇంజన్ ఆయిల్‌ను పదేపదే చర్మానికి రాసిన ప్రయోగాల్లో ఎలుకలకు చర్మ క్యాన్సర్ వచ్చింది. అందుకే చాలా దేశాల్లో ఆయిల్ డబ్బాల మీదే ఈ హెచ్చరిక ముద్రిస్తారు. మన షెడ్లలో మాత్రం ఆ ఆయిల్ అంటిన చేతులను సాయంత్రం పెట్రోలుతో కడుక్కోవడం ఇప్పటికీ ఉంది. పెట్రోలు చర్మంలోని సహజమైన జిడ్డును తీసేసి, లోపలికి దారి తెరుస్తుంది. పైగా అందులో ఉండే బెంజీన్ కూడా క్యాన్సర్ కారకమే. పదిహేడు పద్దెనిమిదేళ్లకు పనిలో చేరిన కుర్రాడు నలభై ఏళ్లు ఇలా చేతులు కడిగితే ఏమవుతుందన్నది ఆ కుర్రాడి ఇంటివాళ్లు మాత్రమే పట్టించుకోవలసిన ప్రశ్న కాకూడదు. దోనె వేసి, కవరు తొడిగి చేసే పనిలో చేతికి ఆయిల్ అంటడమే తక్కువ. ఒక జత నైట్రైల్ గ్లవ్స్ వేసుకుంటే మరీ తక్కువ.

రెండో అభ్యంతరం మరింత బలమైనది. పాత ఆయిల్‌ను ఏ మెకానికూ పారబోయడం లేదు, డ్రమ్ములో పోసి అమ్ముకుంటున్నాడు, దానికి ధర ఉంది, ధర ఉన్నది వృథా కాదు అంటారు. ఇది చాలావరకు నిజం. ఆ డ్రమ్ము ఎక్కడికి పోతోందన్నదే అసలు ప్రశ్న. కొంత సెంట్రింగ్ పనివాళ్లకు పోతుంది. కాంక్రీటు అంటుకోకుండా చెక్కలకూ రేకులకూ దాన్ని పూస్తారు, స్లాబు తడిపినప్పుడల్లా అది కిందికి కడుక్కుపోతుంది. కొంత చెదలు పట్టకుండా గుంజలకూ వాసాలకూ పూస్తారు, అది మట్టిలోనే ఇంకుతుంది. కొంత బట్టీల్లో, కొలుముల్లో కాలుతుంది. తక్కువ వేడిలో సరిగా మండని ఆ ఆయిల్‌లోంచి లోహాలూ మసీ చిమ్నీ గుండా గాలిలోకి వస్తాయి. ఇంకొంత, రంగు తీసి, మంచి కంపెనీల ఖాళీ డబ్బాల్లో నింపి మళ్లీ కొత్త ఆయిల్ పేరుతో అమ్మే మోసగాళ్ల చేతికి చేరుతుంది. ఖాళీ డబ్బాకు మేకుతో చిల్లు పొడిచి పారేయమని కంపెనీలే చెప్పేది అందుకే. పాత ఆయిల్‌ను ఆ డబ్బాలోనే పోసి తిరిగి అప్పగించగలిగితే ఆ చిల్లు అవసరం కూడా ఉండదు. అమ్ముడుపోయినంత మాత్రాన అది సద్వినియోగం అయిందనలేం. ఈ దారులన్నిట్లోనూ ఆయిల్ చివరికి చేరేది నేలకో గాలికో మరో ఇంజన్‌లోకో.

ఇదే వరసలో మరో పాత అలవాటును కూడా ప్రస్తావించాలి. నిలవ నీటిలో దోమల లార్వాను చంపడానికి రంపపు పొట్టును పాత ఆయిల్‌లో నానబెట్టి, బంతులుగా కట్టి మురుగు కుంటల్లో వేయడం మన మున్సిపాలిటీల్లో చాలాకాలంగా ఉంది. నీటిమీద ఆయిల్ పొర ఏర్పడితే లార్వా ఊపిరి గొట్టానికి గాలి అందదు, అది చస్తుంది. ఉద్దేశం మంచిదే, డెంగీ, మలేరియా నిజమైన భయాలే. కానీ ఆ పొరే దోమ లార్వాను తినే తూనీగ పిల్లలనూ చేపపిల్లలనూ కప్పపిల్లలనూ కూడా దెబ్బతీస్తుంది. లార్వాను తినే గంబూసియా చేపలు, బ్యాక్టీరియాతో చేసిన లార్వా మందు అందుబాటులో ఉన్నప్పుడు, చట్టం ప్రమాదకర వ్యర్థంగా పేర్కొన్న పదార్థాన్ని ప్రభుత్వ సంస్థలే నీటిలో వేయడం మెకానిక్‌కు ఏ సందేశం ఇస్తుంది? కాలువలో బంతి వేసేవాళ్లు కాలువలో చుక్క వేయొద్దని ఎవరికీ చెప్పలేరు.

చట్టం మాత్రం స్పష్టంగానే ఉంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిర్వహణ నిబంధనలు వాడిన ఆయిల్‌ను ప్రమాదకర వ్యర్థంగా గుర్తించి, అనుమతి పొందిన శుద్ధి కర్మాగారాలకే అది చేరాలన్నాయి. 2023 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఒక సవరణ తెచ్చి, ఆయిల్ తయారుచేసే, దిగుమతి చేసుకునే కంపెనీల మీదే దాని సేకరణ, పునశ్శుద్ధి బాధ్యత పెట్టింది. అది 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అమ్మిన దానిలో 5 శాతంతో మొదలుపెట్టి క్రమంగా 50 శాతం దాకా శుద్ధి చేయించినట్టు సర్టిఫికెట్లు చూపాలి. దిశ సరైనదే. కానీ ఆ సర్టిఫికెట్ పుట్టేది కర్మాగారం గేటు దగ్గర, అక్కడికి చేరిన ఆయిల్ పరిమాణాన్ని బట్టి. ఆ పరిమాణాన్ని తక్కువ ఖర్చులో నింపుకోవాలంటే కంపెనీ ఎక్కడికి పోతుంది? ఆర్టీసీ డిపోలకు, ఫ్యాక్టరీలకు, లారీ యార్డులకు, పెద్ద సర్వీస్ సెంటర్లకు. ఒకేచోట వేల లీటర్లు దొరుకుతాయి అక్కడ. నెలకు ఒకటి రెండు డ్రమ్ములు కూడా నిండని సందు చివరి షెడ్డు దాకా ఆటో పంపడం ఎవరికీ గిట్టదు. అంటే 50 శాతం లక్ష్యం అందుకున్నా వీధి మెకానిక్ దగ్గర ఒక్క లీటరూ కదలకుండా ఉండవచ్చు. నిబంధనలో నాకు కనిపించే లోపం ఇదే. పరిమాణం లెక్క పెట్టారు గానీ, అది ఎక్కడినుంచి రావాలో చెప్పలేదు.

దీన్ని సరిదిద్దడం అసాధ్యమేమీ కాదు. జర్మనీలో 1987 నుంచే ఇంజన్ ఆయిల్ అమ్మే దుకాణం, తాను అమ్మినంత పాత ఆయిల్‌ను ఉచితంగా తిరిగి తీసుకోవాలన్న నిబంధన ఉంది. కాలిఫోర్నియాలో అమ్మే ఆయిల్ మీద కొంత రుసుము వసూలుచేసి, పాత ఆయిల్ తెచ్చి ఇచ్చేవాళ్లకు అందులోంచి ప్రోత్సాహకం ఇస్తారు. మన దగ్గర ఇంతకన్నా అనుకూలమైన ఏర్పాటు ఇప్పటికే ఉంది. విజయవాడ జవహర్ ఆటోనగర్ వంటి చోట్ల వందల షెడ్లు ఒకేచోట ఉన్నాయి, మెకానిక్ సంఘాలున్నాయి. అక్కడ ఒక ఉమ్మడి ట్యాంకు కట్టి, లీటరుకు సెంట్రింగ్ వ్యాపారి ఇచ్చేదానికన్నా ఒక రూపాయి ఎక్కువ ఇస్తే ఆయిల్ తనంతట తనే దారి మార్చుకుంటుంది. పట్టణాల్లో విడివిడిగా ఉన్న షెడ్ల కోసం, ఆయిల్ డబ్బాలు సరఫరా చేసే డిస్ట్రిబ్యూటర్ ఆటోనే తిరుగు ప్రయాణంలో పాత డబ్బాలను తీసుకుపోవచ్చు. ఆ ఆటో ఎలాగూ వస్తోంది, ఖాళీగా తిరిగి పోతోంది. 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు ఇళ్లలో పుట్టే ప్రమాదకర వ్యర్థాల కోసం ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక సేకరణ కేంద్రం ఉండాలన్నాయి. మన నగరాల్లో అలాంటిది ఎక్కడుందో పౌరుల్లో ఎంతమంది చూపించగలరు? అవి నిజంగా పనిచేస్తే, ఇంటి దగ్గరే ఆయిల్ మార్చుకునే వ్యక్తి కూడా తన డబ్బానూ ఫిల్టర్‌నూ అక్కడ ఇచ్చి పోతాడు. ఇప్పుడు అతనికి ఉన్న దారి చెత్తబండి ఒక్కటే. ఆయిల్ నానిన కాగితపు ఫిల్టర్ అందులోంచి డంప్‌యార్డుకు పోయి ఏదో ఒకనాడు మంటల్లో కాలుతుంది.

చిన్న మెకానిక్‌ల మీద మరో భారమా అన్న ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. రోజుకు నాలుగైదు బండ్ల మీద బతికేవాడికి జరిమానాలూ తనిఖీలూ లంచాలకే దారి తీస్తాయి. అందుకే బాధ్యతను లైసెన్సు రూపంలో కాక సదుపాయం రూపంలో మొదలుపెట్టాలంటాను. తట్ట, గరాటు, మూత ఉన్న 20 లీటర్ల డబ్బా, గ్లవ్స్ పెట్టె కంపెనీలే ఇవ్వాలి. ఆయిల్ ప్రచారానికి షెడ్ల గోడలనిండా రంగులు వేయించి, మెకానిక్‌లకు బనియన్లూ గొడుగులూ పంచే కంపెనీలకు ఇదేమంత పెద్ద ఖర్చు కాదు. సమయం సంగతి కూడా నిజాయితీగా చూడాలి. దోనె వేసి ఆగడానికి అదనంగా పట్టేది అయిదారు నిమిషాలు. డ్రెయిన్ అవుతున్న పదిహేను నిమిషాల్లో మెకానిక్ ఎలాగూ ప్లగ్గు చూస్తాడు, చైను బిగిస్తాడు, బ్రేకు సరిచేస్తాడు. ఒలికిన ఆయిల్‌ను తుడవడానికి పట్టే సమయం మిగిలిపోతుంది గనక చివరికి లెక్క దాదాపు సమానమే. ఐటీఐల్లో మెకానిక్ కోర్సుల కుర్రాళ్లకు ఫిల్టర్ మార్చడం నేర్పేటప్పుడే, నేలమీద చుక్క పడితే మార్కులు తగ్గించే పద్ధతి పెట్టినా ఒక తరంలో తేడా కనిపిస్తుంది.

ఎలక్ట్రిక్ బండ్లు వచ్చేస్తున్నాయి, ఈ సమస్య దానంతట అదే పోతుంది అనేవాళ్లూ ఉన్నారు. ఈ ఏడాది అమ్ముడవుతున్న పెట్రోలు బండి పదిహేనేళ్ల పాటు తిరుగుతుంది, చేతులు మారుతుంది, చివరి ఏళ్లలో అధీకృత సర్వీస్ సెంటర్ మొహం చూడకుండా వీధి షెడ్డులోనే బతుకుతుంది. ఆ ఏళ్లలోనే దానికి ఆయిల్ ఎక్కువసార్లు కావాలి, లీకేజీలూ అప్పుడే ఎక్కువ. పైగా ఈ పాత ఆయిల్‌ను చెత్తగా చూడటమే నష్టం. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్కలోనే, 42 గ్యాలన్ల ముడిచమురు శుద్ధి చేస్తే వచ్చేంత లూబ్రికేటింగ్ ఆయిల్ ఒక్క గ్యాలన్ పాత ఆయిల్ నుంచే తీయవచ్చు. ఆయిల్ అరిగిపోదు, మురికిపడుతుంది, అంతే. మడ్డి, నీరు, పెట్రోలు తీసేసి వ్యాక్యూమ్ డిస్టిలేషన్ చేస్తే అది మళ్లీ బేస్ ఆయిలే. కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకునే దేశంలో షెడ్డు ముందు మట్టి తాగుతున్నది అదే.

బండి యజమాని చేయగలిగింది కొద్దే అయినా ఉంది. సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు తట్ట ఉందా, పాత ఆయిల్ ఎవరు తీసుకుపోతారు అని అడగటం ఒకటి. శుభ్రంగా చేసే మెకానిక్‌కు ఇరవై రూపాయలు ఎక్కువైనా బేరమాడకుండా ఇవ్వడం ఇంకొకటి. గంటలో బండి కావాలని తొందరపెట్టకపోవడం మూడోది, ఎందుకంటే చుక్కలు ఆగకముందే ఫిల్టర్ మూత ఊడదీసేది చాలాసార్లు మన తొందర వల్లే. మిగతాదంతా ఆయిల్ డబ్బా మీద పేరు ముద్రించుకునేవాళ్లూ పురపాలక సంఘాలూ చేయాలి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండళ్లు కంపెనీల సేకరణ లెక్కలో వీధి షెడ్ల వాటా ఎంతో విడిగా అడగడంతో ఇది మొదలుకావచ్చు. ఆ వాటా సున్నా అని ఏ కంపెనీ అయినా రాతపూర్వకంగా ఒప్పుకోవలసి వస్తే, మరుసటి నెలలోనే డిస్ట్రిబ్యూటర్ ఆటోలో పాత ఆయిల్ డబ్బాలకు చోటు దొరుకుతుంది.